ఫొటో వెనక రాసింది

కింది అంతస్తు, కుట్టుగది
వానలు మొదలైన వారం

వదినకు,

కవరు విప్పగానే నువ్వు ముందు కార్డు చూస్తావని తెలుసు. దాన్ని పక్కన పెట్టు. ముందు నా ఉత్తరం చదువు, గ్లాసుడు మంచినీళ్లు తాగు, ఆ తర్వాత చూడు.

అన్నయ్య ఫొటోల ప్రదర్శన పెడుతున్నాడు. చలికాలం మొదట్లో, ఇంజనీర్ల సంఘం హాల్లో. మన తాతల కాలంలో కట్టిన వంతెనలు, ఆనకట్టలు, సొరంగాలు, రేవులు అన్నీ గోడలెక్కుతున్నాయి. వాటితోపాటు ఒక పుస్తకం కూడా. అంతా అయ్యాక ఫొటోలూ, నెగెటివులున్న గాజు పలకలూ పెట్టెలతో సహా సాంకేతిక కళాశాలకు ఇచ్చేస్తాడట. వాళ్లు వాటికోసం ఒక గది కేటాయించి దానికి అన్నయ్య పేరు పెడతారట. కార్డు మీద "ఒక మనిషి జీవితకాలపు అన్వేషణ" అని అచ్చేశారు. ఆ ఒక మనిషి ఎవరో నీకు వేరే చెప్పాలా?

నీ పేరు కోసం కార్డు అటూ ఇటూ తిప్పి చూశాను. కార్డు అచ్చువేసినవాడి పేరు కూడా ఉంది. నీది లేదు.

విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టింది నువ్వూ అన్నయ్యా. నేనెక్కడా పెట్టలేదు కాబట్టి నువ్వు నాకు వదినవే. అందుకే దాచకుండా రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే ఉత్తరంలో తిట్టు, నేను పైకి తీసుకెళ్లి చదివి వినిపించనులే.

పై అంతస్తులో రోజంతా ఒకటే హడావిడి. అన్నయ్య పెట్టెలోంచి ఒక్కో ఫొటో తీయడం, వెనక్కి తిప్పడం, నువ్వు పెన్సిలుతో రాసింది గట్టిగా చదవడం, టైపు అమ్మాయి టకటకా కొట్టడం. ఫొటోకి ముందువైపు కూడా ఉంటుందన్న సంగతి ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు. నువ్వు రాసింది రాసినట్టు దింపుతున్నారు. ఎందుకో ఈ మాట నీ చెవిన వేయాలనిపించింది.

నాయనమ్మ ఫొటో కూడా పెట్టమన్నాను. "చూద్దాం" అన్నాడు. నాకున్న ఆశ అదొక్కటే.

నీ ఆడపడుచు


రైలు యార్డు ఎదురు వీధి, మేడమీద గది
వానలో

సూదిపిల్లా,

మంచినీళ్లు తాగాను. ఒళ్లుమంట ఆరలేదు.

జీవితకాలపు అన్వేషణా! ఆ సొరంగం పలకలు ఎక్కడ దొరికాయో మీ అన్నను అడుగు. కాంట్రాక్టరు గారి భార్య కోళ్లగూటికి కిటికీ అద్దాలుగా బిగించుకుంది. నేను వాటికి బదులు కొత్త అద్దాలు కొనుక్కెళ్లి, నా చేతులతో బిగించి, పాతవి చీరల మధ్య పెట్టుకుని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. రెట్టలు కడిగింది నేను. రేవు ఆల్బం పాతసామాను కొట్లో చెదల నోట్లోంచి లాగింది నేను. ఆనకట్ట ఫొటోల కోసం ఒక ముసలాయన ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని ఆయన జీవితచరిత్ర మొత్తం విన్నది నేను. అప్పుడు మీ అన్న ఏం చేస్తున్నాడు? ఉపన్యాసానికి వేసుకునే చొక్కా ఇస్త్రీ అయిందా అని అడుగుతున్నాడు.

నేను ఇల్లు వదిలిన రోజు గుమ్మంలో నిలబడి ఏమన్నాడో నువ్వూ విన్నావు. "ఇంట్లో ఉన్నవి ఇంటివే. నీ బట్టలు నువ్వు తీసుకెళ్లు." ఒక్క పలక అడిగాను. ఒక్కటి. తలుపు వేసేశాడు.

క్షమించడం గొప్ప గుణమని మా పక్కింటావిడ రోజూ చెబుతుంది. ఆ గుణం ఆవిడే ఉంచుకోవాలి. నాకు కావలసింది వేరు. పదిమందిలో అతని ముఖం మాడిపోవాలి. ఆ గది తలుపు మీద అతని పేరు పడకూడదు. నా కష్టం నాదని అతను తన నోటితోనే అనాలి. ఇందులో ఏది తగ్గినా నాకు నిద్ర పట్టదు.

అవునూ, వెనక రాసింది రాసినట్టే దింపుతున్నాడన్నావు. నిజమేనా? ముందువైపు చూసి సరిపోల్చడం లేదా? అయితే దింపనీ. నువ్వు అడ్డు చెప్పకు. నా చేతిరాత ఎక్కడైనా అర్థం కాకపోతే నాకు రాయి, ఓపిగ్గా అక్షరం అక్షరం చెబుతాను.

నాయనమ్మ ఫొటో సంగతి తెలియగానే రాయి.

వదిన


కుట్టుగది
వానలు తగ్గాక

వదినా,

అంత కోపంలో ఉన్న మనిషివి ఉన్నట్టుండి ఆ చివర అంత మంచిదానివైపోయావేమిటి? చేతిరాత విడమరచి చెబుతావా? నిన్ను నేను నిన్నో మొన్నో చూసినదాన్ని కాదు. సరే, నేనేమీ అడగను.

పుస్తకం నమూనా పేజీలు వచ్చాయి. అన్నయ్య భోజనాల బల్ల నిండా పరిచాడు. నన్ను పిలిచింది చూడటానికి కాదు, హాలుకి నల్ల తెరలు కుట్టమని చెప్పడానికి. కొలతలు రాసుకుంటూ నాయనమ్మ కోసం వెతికాను.

ఆనకట్ట ఫొటో ఉంది వదినా. గోడ ఉంది, గోడ మీద ఆవిరి క్రేను ఉంది, పైన ఆకాశం ఉంది. కింద సున్నం తట్టలు మోస్తున్న ఆడవాళ్ల వరస లేదు.

"నాయనమ్మ ఏది అన్నయ్యా?" అన్నాను.

"ఫొటోలో చూడాల్సింది గోడ. కింద అంతా గందరగోళంగా ఉంది, తీసేశాను" అన్నాడు.

"చంకలో నాన్న ఉన్నాడు కదా. నువ్వు ఈ ఫొటో ఇంటికి తెచ్చిన రోజు నాయనమ్మ వేలు పెట్టి చూపించింది కదా." తెచ్చింది నువ్వని తెలుసు. అయినా అలా అంటే మెత్తబడతాడేమోనని అన్నాను.

మెత్తబడలేదు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇంజనీర్ల సభలో నిలబడి మా నాయనమ్మ ఇక్కడ తట్ట మోసింది అని చెప్పుకోమంటావా? మనకంటూ ఒక మర్యాద ఉండొద్దూ?"

అచ్చులో మాత్రమే తీసేశాడనుకున్నాను. మర్నాడు పై గది ఊడుస్తుంటే చెత్తబుట్టలో దొరికింది. అసలు ఫొటోనే అడ్డంగా కోసేశాడు వదినా. కింది సగం, అట్టతో సహా. నాయనమ్మ, ఆవిడ ముందు ఇద్దరు, వెనక ఇంకొందరు, చంకలో గుండు చేసిన నాన్న. కత్తెరతో కాదు, బ్లేడుతో, స్కేలు పెట్టి మరీ నీటుగా కోశాడు. నాకు బట్ట కోయడం తెలుసు కాబట్టి చెబుతున్నాను, ఆ చెయ్యి ఎక్కడా వణకలేదు.

ఆ ముక్కను నా దారపుండల డబ్బాలో దాచాను. ఆ పూట మిషను తొక్కలేకపోయాను.

నీ కోపం నీది అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. ఇప్పుడు నాకూ ఒకటుంది.

నీ ఆడపడుచు


మేడమీద గది
అదే వారం

సూదిపిల్లా,

నీ ఉత్తరం నిలబడి చదివాను, తర్వాత కూర్చుని ఇంకోసారి చదివాను. ఇక నీ దగ్గర దాచడం న్యాయం కాదు. అతను కోసింది మీ నాన్నను.

మనింటికి వచ్చే జేబురుమాలాయన, నాలాగే పాత ఫొటోలు పోగేసే ఆయన, గుర్తున్నాడా? ఫొటో ముట్టుకునే ముందు చేతులు తుడుచుకుని "ఊరికే చూసి పోతాను చెల్లెమ్మా" అనేవాడు. నేను టీ పెట్టడానికి లోపలికి వెళితే చాలు, ఫొటోలు తిప్పి వెనక నేను రాసుకున్నవి చదివేసేవాడు. ఏ పని, ఏ ఏడు, ఎవరింట్లో దొరికింది, అన్నీ. మిగతా ఫొటోల కోసం నేను ఆ ఇంటికి వెళ్లేసరికి ఆయన వచ్చి పట్టుకుపోయాడని చెప్పేవారు. దీపస్తంభం ఫొటోలన్నీ అలాగే పోయాయి. సేకరించేవాళ్లంతా ఇంతే, కళ్లు ఫొటో మీద ఉండవు, దాని వెనక ఉంటాయి.

అప్పటినుంచీ వెనక నిజం రాయడం మానేశాను. ప్రతి ఫొటోకీ ఒక జంటను పెట్టుకున్నాను. దీని వెనక దానిది, దాని వెనక దీనిది. వంతెన స్తంభం పునాది వెనక రేవు గోడ అని, రేవు గోడ వెనక వంతెన స్తంభం అని. నీళ్ల ట్యాంకు వెనక ధాన్యం గిడ్డంగి, గిడ్డంగి వెనక ట్యాంకు. పాతవి కూడా చెరిపి మార్చేశాను. జంటలన్నీ నా తలలోనే ఉన్నాయి. మీ అన్నకు పునాది అంటే గుంత, ఏ గుంతైనా ఒకటే. అందుకే పట్టుకోలేకపోయాడు.

నేను మోసం చేశానని అనుకోకు. అతనికి చెప్పాను. హాల్లో పేపరు చదువుకుంటుంటే ఎదురుగా నిలబడి, "వెనక రాసినవి తారుమారుగా ఉన్నాయి, ఎక్కడైనా వాడేటప్పుడు నన్ను అడగండి" అన్నాను. "ఊఁ" అన్నాడు. పేపరు తిప్పాడు. మా కాపురం మొత్తం ఆ "ఊఁ"లోనే ఉంది.

నిజం రాసింది ఒక్కదాని వెనకే. "ఆనకట్ట గోడ. కింద సున్నం మోస్తున్న ఆడవాళ్లు. వరసలో మూడో మనిషి నాయనమ్మ, చంకలో మామయ్యగారు." అది ఎవరూ ఎత్తుకుపోలేరు కదా అని నిజమే రాశాను. చూశావా, నేను రాసిన అబద్ధాలన్నీ నమ్మి అచ్చేయించాడు. ఒక్క నిజం రాస్తే కోసి బుట్టలో పడేశాడు.

ఆ హాల్లో అందరూ ఇంజనీర్లే. గుంతకీ గుంతకీ తేడా వాళ్లకు తెలుసు. నేను చేయవలసింది నోరు మూసుకోవడమే. ఇప్పుడు నీకూ తెలిసింది. మెట్లెక్కి ఒక్క మాట చెబితే మీ అన్న బయటపడతాడు. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకోను. నీ తోడబుట్టినవాడు, నీ ఇష్టం.

వదిన


మేడమీద గది
చలి మొదలైంది

అమ్మాయికి,

ఆ తర్వాత ఇంకో రెండు ఉత్తరాలు రాశాను. నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ప్రదర్శన ఈ వారమేనని పేపర్లో చూశాను. మీ అన్న ఫొటో కూడా వేశారు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని.

చెప్పేశావు కదూ? చెప్పి ఉంటావులే. నిన్ను అనడానికేముంది. ఎంత వదినా వదినా అన్నా ఆడపడుచు ఆడపడుచే. ఇన్నేళ్లు అన్న చొక్కాలకు గుండీలు కుట్టినదానివి, ఇప్పుడు మాత్రం అన్న పరువుకు చిరుగు పడితే ఊరుకుంటావా? నీ దగ్గర నోరు జారడం నాదే బుద్ధితక్కువ.

ఆ దారపుండల డబ్బాలోని ముక్క నీకు అక్కర్లేకపోతే నాకు పంపు. మీ నాయనమ్మ నన్ను ఒక్కనాడూ పరాయిదానిలా చూడలేదు.

ఇట్లు


కుట్టుగది
ప్రదర్శన మర్నాడు

వదినా,

"ఇట్లు" అని రాసి కింద ఏమీ రాయకపోతే భయపడతాననుకున్నావా? నీ తిట్లన్నీ భద్రంగా దాచుకున్నాను, తర్వాత వడ్డీతో సహా తిరిగిస్తాను. ఉత్తరం ఎందుకు రాయలేదంటే, అన్నయ్య ఈ మధ్య టపా కోసం రోజంతా ఇంట్లోనే కాచుకుని కూర్చుంటున్నాడు, అభినందనలు వస్తాయని. నా ఉత్తరాలకు నీ జవాబులు కుట్టుపని ఇచ్చే కొట్టు చిరునామాకు వస్తాయి కాబట్టి సరిపోయింది. నేను కలం పట్టుకుంటే మాత్రం ఆయన మెడ చాచి చూస్తున్నాడు. ఇక విను.

హాలు కిక్కిరిసిపోయింది. నా నల్ల తెరలు బాగా వేలాడాయి, ముందు అది రాసుకో. మధ్య గోడ మీద గుమ్మమంత పెద్ద ఫొటో పెట్టారు. కింద "రైలు వంతెన, మూడో స్తంభం పునాది" అని ఉంది. సంఘం అధ్యక్షురాలు దాని ముందు ఆగింది. సన్నగా ఉంటుంది, కళ్లద్దాలు తీసి మరీ చూసింది. అన్నయ్య పొగడ్త కోసం పక్కనే నిలబడ్డాడు.

"ఇది నదేనా?" అందామె.

"నదేనండీ. చాలా శ్రమపడి కనుక్కున్నాను" అన్నాడు అన్నయ్య.

"గోడ మీద ఈ మరక చూడండి. రోజూ నీళ్లు ఎక్కి దిగితే పడే గీత ఇది. సముద్రపు పోటు. పైగా ఇక్కడ ఓడను కట్టే గుంజ ఉంది."

అక్కడ నోరు మూసుకున్నా బతికిపోయేవాడు. కానీ మన అన్నయ్య కదా. "ఆ ఏడు నదికి కూడా పోటు వచ్చిందండీ" అన్నాడు.

"ఓడ కూడా వచ్చిందా?" అందామె.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంతే వదినా, ఇక ఎవరూ ఫొటోలను ఫొటోల్లా చూడలేదు. "ఇటు రండి, ఈ ధాన్యం గిడ్డంగికి పంపులు ఎందుకున్నాయి?" అని ఒకరు, "ఈ ట్యాంకులోంచి బస్తాలు దింపుతున్నారు చూడండి" అని ఇంకొకరు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు గోడల వెంట అటూ ఇటూ పరుగులు తీస్తుంటే నవ్వాపుకోలేక నేను నా తెర వెనక్కి వెళ్లాను. అన్నయ్య నీళ్లు నమిలాడు, చెమట తుడుచుకున్నాడు, మైకు పట్టుకుని "అచ్చువాళ్ల పొరపాటు" అన్నాడు. అచ్చువేసినాయన అక్కడే ఉన్నాడు, ఊరుకుంటాడా? "మీరు టైపు చేయించి ఇచ్చిందే వేశాం" అని నిలదీశాడు.

అప్పుడు నేను తెర వెనకనుంచి వచ్చి అన్నయ్య చెవిలో ఒక్క మాట చెప్పాను. "ఆ రాతలన్నీ వదినవని చెప్పెయ్ అన్నయ్యా. తప్పు ఆవిడ మీదికి పోతుంది, నీకు పోయేదేముంది?"

మునిగిపోయేవాడికి తాడు దొరికినట్టు అందుకున్నాడు. "ఈ రాతల్లో నాది ఒక్క అక్షరం లేదు. ఇవన్నీ నాతో విడిపోయిన నా భార్య రాసినవి. ఈ ఫొటోలు ఊరూరా తిరిగి తెచ్చింది ఆమె, కడిగింది ఆమె, పేర్లు పెట్టింది ఆమె. ఆమెను నమ్మడమే నేను చేసిన తప్పు." మైకులో అన్నాడు వదినా! వెనక వరసలో చెవిటాయనకు కూడా వినబడింది.

అధ్యక్షురాలు కళ్లద్దాలు పెట్టుకుంది. "మరి ఇంతా చేసింది ఆవిడైతే, కార్డు మీద మీ పేరెందుకుంది?" అంది.

కళాశాల ప్రిన్సిపాలు గది మీద పెట్టబోయే పేరుపలకను కాగితం చుట్టి కారులో పెట్టుకుని వెళ్లిపోయాడు. పేర్లు సరిదిద్దితే తప్ప పెట్టెలు తీసుకోరట. సరిదిద్దాల్సింది నువ్వేనట. ఎవరి పేరు పెట్టాలో కూడా నిన్నే అడుగుతారట.

ఇంకొకటి. నువ్వు చెప్పేదాకా నాకు తెలియదనుకున్నావా? నువ్వు అన్నయ్య ఎదుట నిలబడి తారుమారు సంగతి చెప్పిన రోజు, నేను మన ఇంటి హాల్లోనే కిటికీ తెర కొలుస్తున్నాను. ఆ "ఊఁ" నేనూ విన్నాను. నువ్వు నాకు చెబుతావా లేదా అని చూశాను, అంతే. మొదటి ఉత్తరంలో వెనక రాసింది దింపుతున్నాడని ఊరికే రాశాననుకున్నావా?

సూదిపిల్ల


మేడమీద గది
చలిలో

నా సూదిపిల్లకు,

నా తిట్లు మూటగట్టి నాకే పంపు, నోరెత్తకుండా పడతాను. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో పక్కింటావిడను అడుగు. "ఓడ కూడా వచ్చిందా" దగ్గరికి వచ్చినప్పుడల్లా నవ్వుతుంటే, ఏమైందోనని తలుపు కొట్టింది. ఇన్నేళ్లకు గుండె చల్లబడింది.

నా పేరు ఎన్నో ఏళ్లు ఎదురుచూస్తే రాలేదు. నింద వేయాల్సి వచ్చేసరికి మైకులో వచ్చింది. ఎలా వస్తేనేం, వచ్చింది.

కళాశాలవాళ్ల ఉత్తరం అందింది. పెట్టెలన్నీ నా పేరు మీద రాస్తేనే జంటలు విప్పుతానని చెప్పాను. ఒప్పుకున్నారు. మీ అన్న సంతకం పెట్టక తప్పదు, లేకపోతే ఆ పుస్తకం తప్పుల పుస్తకంగానే మిగులుతుంది.

అతనికి మాత్రం నా షరతు వేరే ఉంది. ఆనకట్ట ఫొటో గది గుమ్మానికి ఎదురుగా ఉండాలి. దాని గాజు పలక పెట్టెలో ఉంది, కొత్తది అచ్చువేసి పెడతామంటారు. వద్దు. పై ముక్కా, నీ డబ్బాలోని కింది ముక్కా ఒకే చట్రంలో పెట్టాలి. అతకకూడదు. కోత గీత కనబడాలి. కింద నాయనమ్మ సంగతీ, మీ నాన్న సంగతీ, కోసినవాడి సంగతీ అతని చేతిరాతతో ఉండాలి. ఏం రాయాలో ఈ కాగితం వెనక రాశాను, చూపించు.

వదిన


కుట్టుగది
ఎండలు వస్తున్నాయి

వదినా,

కాగితం చూపించాను. చదివి లేచి వెళ్లిపోయాడు. రెండురోజులు నాతో మాట్లాడలేదు, అన్నం పెట్టినప్పుడు తప్ప. "ఇది పగ" అన్నాడు. "అవును అన్నయ్యా" అన్నాను. "నువ్వు కూడానా?" అన్నాడు. దానికీ అవుననే అన్నాను.

చివరికి రాశాడు. చట్రం నేనే దగ్గరుండి బిగించాను. నిన్న కళాశాలలో గది తెరిచారు. తలుపు మీద నీ పేరు. గుమ్మానికి ఎదురుగా నాయనమ్మ, మధ్యలో ఆ గీత. కింద అన్నయ్య దస్తూరీ: "వరసలో మూడో మనిషి మా నాయనమ్మ. చంకలో మా నాన్న. కోసింది నేను."

అధ్యక్షురాలు చాలాసేపు దాని ముందే నిలబడింది. ఎవరూ నవ్వలేదు. "మీ నాయనమ్మ లేపిన గోడ ఇంకా నిలబడే ఉంది, మేం చదువుకున్నది దాన్ని చూసే" అంది అన్నయ్యతో. ఆయన ఇంటికొచ్చేదాకా తల ఎత్తలేదు. నాకు జాలి వేస్తుందేమో అని చూసుకున్నాను. కొంచెం వేసింది. నీకు పంపడం లేదులే, నా దగ్గరే ఉంచుకుంటాను.

ఒకటే అడగమన్నాడు. పుస్తకం మళ్లీ అచ్చుకు వెళుతోందట, నీ పేరుతో, సరిచేసిన పేర్లతో. లోపల ముందుమాట మాత్రం ఆయనదే ఉంచుతున్నారు. "ఇంక తారుమారులేమీ మిగల్లేదు కదా, కనుక్కో" అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది వదినా.

ఏం చెప్పను?

సూదిపిల్ల


మేడమీద గది
ఎండాకాలం

సూదిపిల్లా,

ఒకటి మిగిలిందని చెప్పు. ఏదో నేను చెప్పనన్నానని కూడా చెప్పు. పెట్టెలు కళాశాలలోనే ఉన్నాయి, గది అందరికీ తెరిచే ఉంటుంది, వెళ్లి వెతుక్కోమను. వెనక రాసింది నమ్మొద్దను. ముందువైపు చూసుకోమను. ఒక్కో గోడా, ఒక్కో గుంతా, తట్ట మోసే ఒక్కో మనిషినీ కళ్లు పెట్టి చూస్తే తప్ప దొరకదను. నేను అవన్నీ అలాగే చూశాను.

నీకు మాత్రం నిజం చెబుతున్నాను. అన్నీ సరిచేశాను. ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆ మాట అతనికి చెప్పకు.

వదిన